తలంటునాటి గుర్రాల పాట

మా నాన్నకి మాట పడిపోయి ఏడు నెలలయింది. పూర్తిగా పోయిందనడానికి లేదు. ఒక్క మాట మిగిలింది: "అదీ". మంచినీళ్ళు కావాలన్నా "అదీ", కిటికీ తెర తీయమన్నా "అదీ", నేను చేసిన పప్పులో ఉప్పు తక్కువైందన్నా "అదీ". గొంతులో తేడాని బట్టి నేనే అర్థం చేసుకోవాలి. చాలాసార్లు తప్పుగా అర్థం చేసుకుంటాను. అప్పుడు ఆయన రెండోసారి చెప్పడు. స్వాధీనంలో లేని కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో నిమురుకుంటూ కూర్చుంటాడు.

షికాగో దగ్గర అరోరాలో మా ఇంట్లోనే ఉంటున్నాడు, అమ్మ పోయినప్పటి నుంచీ, ఆరేళ్ళుగా. ఒక పొద్దున ఉప్మా తింటూ ఉంటే చెంచా జారి కింద పడింది. తీసివ్వమని నావైపు తిరిగి పిలవబోయాడు. నోరు తెరుచుకుంది, పిలుపు రాలేదు. ఆ రోజు నుంచి నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. నడక కొంచెం తిరిగి వచ్చింది, తిండి తింటున్నాడు, నవ్వుతున్నాడు కూడా. నాకు మాత్రం ఆ పిలుపు కావాలి. యాభై దాటినదానివి, నాన్న పిలవలేదని ఏడుపేమిటే అని మీరనుకోవచ్చు. అనుకోండి.

వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీకి తీసుకెళ్తాను. థెరపిస్ట్ చిన్నమ్మాయి, అమెరికన్, మహా ఓపిక. నాకు ఆ ఓపిక లేదు. ఆ పిల్ల బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపించి ఇదేమిటి, ఇదేమిటి అని అడుగుతుంటే నాకు ఒళ్ళు మండేది. నలభై ఏళ్ళు యంత్రాల డ్రాయింగులు గీసిన మనిషికి కుర్చీ బొమ్మ చూపించి ఇదేమిటంటే ఏం చెప్తాడు? "అదీ" అంటాడు.

ఒకరోజు ఆ అమ్మాయి అట్టలు పక్కన పెట్టి నన్నడిగింది. "మాట పోయినవాళ్ళలో కొందరికి పాట మిగులుతుంది. పాటతో పాటు మాటలూ వస్తాయి ఒక్కోసారి. మీ నాన్నగారు ఏం పాడేవారు?"

"మా నాన్న పాడడండీ," అన్నాను.

అబద్ధం. పాడేవాడు. నేనే మాన్పించాను.

అప్పట్లో మేం షికాగో శివారు షామ్‌బర్గ్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అమ్మకి ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, శనివారం పొద్దున కూడా డ్యూటీ. అందుకని నా తలంటు నాన్న వంతుకి వచ్చింది. అమ్మకి అది నచ్చేది కాదు. "ఆడపిల్లకి శుక్రవారం తలంటాలి గానీ, శనివారం ఏమిటండీ?" అనేది. నాన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "శుక్రవారం దానికి స్కూలుంది. గుర్రాలు కూడా శనివారమే వస్తాయి."

గుర్రాలంటే టీవీలో కౌబాయ్ సీరియళ్ళు. అప్పటికే అవి పాతవి. ఏదో లోకల్ ఛానెల్ వాళ్ళు శనివారాలు వరసగా తిప్పితిప్పి వేసేవారు. మా టీవీకి రంగులు లేవో, ఆ సీరియళ్ళకే లేవో నాకు చాలాకాలం తెలియదు. యాంటెన్నాకి నాన్న అల్యూమినియం కాగితం చుట్టి పెట్టాడు. పైఅంతస్తువాళ్ళు మిక్సీ వేస్తే గుర్రం రెండయ్యేది.

నాన్నకి ఆ సీరియళ్ళంటే ఎందుకంత ఇష్టమో పెద్దయ్యాక అడిగాను. "అందులో ఎవరూ ఎక్కువ మాట్లాడరమ్మా, అందుకని నాకు అంతా అర్థమయ్యేది," అన్నాడు. ఆఫీసులో ఆయన ఇంగ్లీషుని రెండోసారి చెప్పించుకునేవాళ్ళట. ఇంట్లో టీవీలోని వాళ్ళు టోపీ కొంచెం పైకెత్తితే చాలు, మంచివాడెవడో చెడ్డవాడెవడో తేలిపోయేది.

శనివారం పద్ధతి ఇది. పొద్దున్నే స్టీలు గిన్నెలో కొబ్బరినూనె వేసి, గోడ వారన హీటర్ మీద పెట్టేవాడు. షికాగో చలికి నూనె తెల్లగా గడ్డకట్టి ఉండేది. అది కరిగేసరికి మొదటి సీరియల్ టైమయ్యేది. టీవీ ముందు పీట వేసి, నా భుజాల చుట్టూ పాత తువ్వాలు కప్పి, తను వెనకాల సోఫా అంచున కూర్చునేవాడు. మొదటి సీరియల్ అయ్యేలోపు నూనె పట్టించడం. రెండోది అయ్యేదాకా నానడం. మూడోది మొదలవగానే నేను స్నానాల గదిలో ఉండాలి. ఇండియా నుంచి ఎవరైనా వస్తే అడిగి తెప్పించుకున్న కుంకుడుకాయలు రాత్రే నానబోసి ఉంచేవాడు. అవి అయిపోతే శెనగపిండి. మా ఇంట్లో చాలాకాలం వరకు నూనె ఎంతసేపు నానాలంటే గడియారం లెక్క చెప్పేవాళ్ళం కాదు, ఒక గుర్రాల కథంత సేపు అనేవాళ్ళం.

ఆ మొదటి సీరియల్ పాట ఎవరో బొంగురు గొంతువాడు పాడేవాడు. వెనక డప్పుల్లాంటివి గుర్రం పరుగులా మోగేవి. నాన్నకి ఆ పాటలో ఒక్క ముక్క తెలిసేది కాదు. తెలియాలనీ అనుకోలేదు. వరస దొరికింది, మాటలు తనే వేసుకున్నాడు. పది వేళ్ళతో నా నడినెత్తి మీద గుర్రాలు పరిగెత్తిస్తూ అందుకునేవాడు.

"నూనె రాద్దాం, జూలు దువ్వుదాం,
కదలకు మెదలకు దొరసానీ!
కుంకుడు రసం కళ్ళలో పడితే
గుర్రం నవ్వును దొరసానీ!
ఏరు దాటి, ఊరు దాటి
ఎక్కడికమ్మా దొరసానీ?"

దొరసాని అంటే నేను. ఇంట్లో నాకు పెట్టిన పేరు వేరే ఉంది, స్కూల్లో ఇంకో రకంగా పలికేవాళ్ళు. నాన్న నోట మాత్రం దొరసానే. పని చెప్పినా, తిట్టినా, నిద్ర లేపినా అదే.

చివరి చరణం దగ్గర వేళ్ళు ఆపేసేవాడు. అక్కడ ఆయన వంతు అయిపోయినట్టు. తరవాతి వంతు నాది. ఎక్కడికో నేను చెప్పాలి, అదే వరసలో, పాడుతూ. నేను గొంతు చించుకుని పాడేదాన్ని. జవాబు చెప్పాకే వేళ్ళు మళ్ళీ పరుగందుకునేవి. చెప్పకపోతే ఎంతసేపైనా అలాగే ఉండేవాడు, నెత్తి మీద చేతులు పెట్టుకుని. నేను నవ్వాపుకోలేక చెప్పేసేదాన్ని.

ఏం చెప్పేదాన్నో నాకు గుర్తులేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆయన పాడినవన్నీ మెల్లమెల్లగా, ముక్కముక్కగా గుర్తొచ్చాయి. నేను పాడింది రాలేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒక శనివారం ఎవరో తలుపు తట్టారు. నా క్లాసు పిల్ల, ఎదురు బిల్డింగ్‌లో ఉండేది, నా పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. ఆ పిల్లని నా స్నేహితురాలు చేసుకోవాలని నేను ఏడాది నుంచి పాకులాడుతున్నాను. దాని జుట్టు పొడిగా, గాలికి ఎగిరేది. నేనేమో పీట మీద, నుదుటి మీద నూనె కారుతూ, మెడ చుట్టూ పసుపు మరకల తువ్వాలు. లేవనా, దాక్కోనా అనుకునేలోపే నాన్న లేచి, చేతులకి నూనె ఉంది కాబట్టి లుంగీ అంచుతో తలుపు పిడి పట్టుకుని తిప్పాడు.

"కమ్, కమ్! సిట్!" అన్నాడు. మా ఇంటికి వచ్చిన మొదటి అమెరికన్ అతిథి. ఆయన సంబరం చెప్పనలవి కాదు. ఆ పిల్ల సోఫా మీద కూర్చుంది. అదే సమయానికి టీవీలో పాట మొదలైంది. నాన్న వచ్చి నా వెనక కూర్చుని, అతిథి వచ్చిందని మరింత గట్టిగా, మరింత హుషారుగా, మొదటి నుంచి చివరిదాకా పాడాడు. మధ్యలో ఆ పిల్ల వైపు చూసి కళ్ళెగరేశాడు కూడా. చివరి చరణం దగ్గరకొచ్చి ఆగాడు.

"ఎక్కడికమ్మా దొరసానీ?"

నేను నోరు మెదపలేదు. ఆయన వేళ్ళు నా నెత్తి మీద ఆగి ఉన్నాయి. ఆ పిల్ల నన్ను చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టుంది. ఆయన ఇంకోసారి, ఇంకొంచెం రాగం తీసి అడిగాడు. నేను మర్చిపోయాననుకున్నాడేమో. నేను టీవీ వైపే చూస్తూ బిగుసుకుపోయాను. ఆ పిల్లకి నవ్వొచ్చింది. "యువర్ డాడ్ ఈజ్ ఫన్నీ" అని పుస్తకం ఇచ్చి వెళ్ళిపోయింది. వెక్కిరించలేదు. స్కూల్లో ఎవరికీ చెప్పలేదు కూడా. సిగ్గంతా నాదే, నేనే వండుకుని నేనే వడ్డించుకున్నాను.

తలుపు మూశాక నేను లేచి నిలబడ్డాను. నా తెలుగు అప్పట్లో వంకరటింకరగా ఉండేది, కోపమొస్తే మరీను.

"నాన్నా, ఇంక పాడొద్దు. ఆ సాంగ్‌కి అవి వర్డ్స్ కాదు. నీకు రియల్ వర్డ్స్ తెలీదు కదా, మరి ఎందుకు పాడతావు? నాకు ఎంబరాసింగ్‌గా ఉంది."

ఆయన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"సరేనమ్మా," అన్నాడు. "ఇంక పాడనులే."

కోప్పడి ఉంటే బాగుండేది. ఒక్కటి వేసి ఉన్నా బాగుండేది. సరేనమ్మా అన్నాడు. ఆ అమ్మాలో దొరసాని లేదని కూడా నేను అప్పుడు గమనించలేదు.

తరవాతి శనివారం నూనె గిన్నె హీటర్ మీదకి ఎప్పటిలాగే వచ్చింది. పీట వచ్చింది, తువ్వాలు వచ్చింది. టీవీలో పాట మొదలవగానే నాన్న వేళ్ళు నా నెత్తి మీద ఆగిపోయాయి. పాట అయ్యేదాకా అలా ఆపి ఉంచి, అయ్యాక మామూలుగా రుద్దడం మొదలుపెట్టాడు. గుర్రాలు పరిగెత్తించలేదు. నాకు హమ్మయ్య అనిపించింది. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ నిజంగానే హమ్మయ్య అనిపించింది. ఆ ఏడాది చివర్లో, ఇకమీదట షాంపూతో నేనే చేసుకుంటానని చెప్పాను. దానికీ సరేనన్నాడు. శనివారాలు ఒక్కడే కూర్చుని సౌండ్ తగ్గించి ఆ సీరియళ్ళు చూసేవాడు. నేను నా గదిలో తలుపు వేసుకుని ఉండేదాన్ని.

థెరపిస్ట్ అడిగిన రోజు కారులో ఇంటికి వస్తుంటే ఇదంతా తిరిగి గుర్తొచ్చింది. ముందు ఆయనకి తెలిసిన పాటలు వేరేవి వేసి చూశాను, ఆ ఒక్కటీ తప్ప. గుళ్ళో పాడేవి వేశాను. పాత సినిమా పాటలు వేశాను. మర్యాదగా విని తల ఊపాడు. ఆ తరవాత ఇంటర్నెట్‌లో ఆ సీరియల్ కోసం వెతికాను. పేరు గుర్తులేదు, హీరో టోపీ మాత్రం గుర్తుంది. మూడు రోజులకి దొరికింది. ఆ బొంగురు గొంతు వినగానే నా నెత్తి మీద చర్మం జలదరించింది. అందులోని ఇంగ్లీషు మాటలు మొదటిసారి శ్రద్ధగా విన్నాను. ఒంటరివాడు ఎవడో, ఇల్లూ వాకిలీ లేనివాడు, ఎడారిలో పోతూ ఉంటాడట. నాకు ఎవరో మా పాటకి తప్పు మాటలు పెట్టి పాడుతున్నట్టనిపించింది.

తరవాతిసారి థెరపీకి వెళ్ళినప్పుడు ఫోన్‌లో ఆ పాట పెట్టాను. నాన్న కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమ చేతి వేళ్ళు బల్ల మీద కదిలాయి. టకటక, టకటక. "నూ..." అన్నాడు. ఆరు నెలల్లో "అదీ" కాని మొదటి శబ్దం. "నూనె రా..."

అంతలో ఆయన చూపు ఆ అమ్మాయి మీద పడింది. తెల్లమ్మాయి, ఎదురుగా కూర్చుని, తననే చూస్తోంది. నాన్న వెంటనే నావైపు చూశాడు. వేళ్ళు ఆగిపోయాయి. ఎడమ చెయ్యి పైకెత్తి తన నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమైంది? బాగా పాడుతున్నారు కదా!" అంది ఆ అమ్మాయి కంగారుగా.

నలభై ఏళ్ళ కిందటి మాట, నేను అన్నది, ఆయన ఇంకా పాటిస్తున్నాడు. మాటలన్నీ పోయినా ఆ మాట పోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని నోటి మీద నుంచి తీయబోయాను, గట్టిగా పెట్టుకున్నాడు. "పాడు నాన్నా, పర్లేదు, పాడు" అని అక్కడే ఏడ్చాను. ఆ అమ్మాయి టిష్యూలు తెచ్చి ఇచ్చింది. నాన్న తన టిష్యూ కూడా నాకే ఇచ్చాడు.

ఆ శనివారం ఇంట్లో ఎవరూ లేరు, మేమిద్దరమే. స్టీలు గిన్నెలో కొబ్బరినూనె వేసి హాల్లో వేడిగాలి వచ్చే జాలీ మీద పెట్టాను. నాన్న అది కరిగేదాకా గిన్నెనే చూస్తూ కూర్చున్నాడు. పీట మీద కూర్చోలేడు కాబట్టి కుర్చీ టీవీ ముందుకి జరిపి, భుజాల చుట్టూ తువ్వాలు కప్పాను. వెనక నేను నిలబడ్డాను. ఆయన తల ఇంత చిన్నదని నాకెప్పుడూ తెలియదు. పాట పెట్టాను. పది వేళ్ళతో ఆయన నడినెత్తి మీద గుర్రాలు పరిగెత్తించాను. నాకు సరిగ్గా రాలేదు, కుంటి గుర్రాలు.

మొదటిసారి అయిపోయింది, పలకలేదు. మళ్ళీ పెట్టాను. మూడోసారి పెడుతుంటే నేనే అందుకున్నాను, నూనె రాద్దాం అని. జూలు దువ్వుదాం దగ్గర కింద నుంచి ఇంకో గొంతు కలిసింది. సన్నగా, గరగరలాడుతూ, ఒక్కొక్క మాటని ఒక్కొక్క మెట్టు దిగుతున్నట్టు దించుతూ.

"కదలకు... మెదలకు... దొరసానీ."

పిలిచాడు. నేను వేళ్ళు ఆపలేదు, ఆపితే పోతుందేమోనని భయం. గుర్రం నవ్వును దొరసానీ. రెండోసారి పిలిచాడు. ఏరు దాటాడు, ఊరు దాటాడు. నాకు ఆ ముఖం కనబడటం లేదు, వెనక ఉన్నాను కదా. గొంతు మాత్రం వినబడుతోంది. "ఎక్కడికమ్మా దొరసానీ?"

ఆగాడు. నా వంతు.

టీవీలో పాట అయిపోయింది, కథ మొదలైంది. ఎవరో తుపాకీ తుడుచుకుంటున్నారు. నాన్న కదలకుండా కూర్చున్నాడు, తల కొంచెం పక్కకి వంచి, వినడానికి. నేను నూనె చేతులతో నిలబడి వెతుక్కున్నాను. ఎక్కడికో చెప్పేదాన్ని. అమ్మమ్మగారింటికా? చందమామ దగ్గరికా? ఏదో ఉంది, ప్రాసతో ఉంది, నేనే కట్టుకున్నది, అది చెప్పినప్పుడల్లా ఆయన పకపకా నవ్వేవాడు. నవ్వు గుర్తుంది. చివరికి, "నీతోనే నాన్నా, నీతోనే" అన్నాను.

"అదీ," అన్నాడు.

ఆ "అదీ" నాకు బాగా తెలుసు. ఉప్పు తక్కువైన పప్పుని పక్కకి నెట్టకుండా తినేటప్పుడు అనేది.

ఆ తరవాత ఐదు శనివారాలు అయ్యాయి. ప్రతిసారీ పాడతాడు, ప్రతిసారీ అక్కడ ఆగుతాడు. పాటలో తప్ప మామూలుగా ఇంకా ఏ మాటా రాలేదు, నన్ను పిలవడం కూడా ఆ పాటలోనే. నేను ఐదు జవాబులు చెప్పాను. అన్నిటికీ అదే "అదీ". ఏడేళ్ళ పిల్ల పీట మీద కూర్చుని ఏం పాడేదో ఇప్పుడు తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఆయనకి చెప్పే దారి లేదు. జవాబు తప్పని తెలిసి కూడా, ఇంక రుద్దమన్నట్టు తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటాడు. నేను నూనె రాస్తాను.